క్లౌన్ చేప, సముద్రపు పువ్వు: ఎవరి ఖాతాలో ఎంత జమ?



ఈ బులెటిన్‌లో నేను సాధారణంగా స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు జరిగే పొరపాట్లు, బ్యాంకు ఖాతా తెరవడం, విద్యా రుణం వంటి విషయాలు రాస్తుంటాను. ఈసారి ఒక చేప గురించి రాస్తున్నాను. బి.కాం. చదివి, 31 సంవత్సరాలు బ్యాంకు కౌంటరులో కూర్చున్న వాడికి చేపతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. కారణం ముందుగా చెబుతాను.

పోయినసారి స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలకు జివతి తాలూకాలోని ఒక ఊరి నుంచి ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. పన్నెండో తరగతి సైన్సు చదువుతూ నీట్ పరీక్షకు తయారవుతున్నది. తండ్రి పత్తి రైతు. మార్కుల కాగితాలు చూస్తుండగా తండ్రే అన్నాడు: "సార్, మొన్న ప్రాక్టీసు పరీక్షలో ఒక్క చేప ప్రశ్న తప్పు రాసి అయిదు మార్కులు పోగొట్టుకున్నది. పుస్తకంలో ఉన్నది రాయకుండా టీవీలో చూసింది రాసింది." నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. కాబట్టి తేడా 5 మార్కులే. ఆ తండ్రి లెక్క సరిగ్గానే ఉంది.

ప్రశ్న ఏమిటంటే, సముద్రపు పువ్వుకూ క్లౌన్ చేపకూ మధ్య ఉన్న సంబంధం ఏ రకానిది అని. పుస్తకం ప్రకారం జవాబు కమెన్సలిజమ్. తెలుగు పుస్తకాల్లో దీనిని సహభోజకత్వం అంటారు. అంటే ఒకరికి లాభం, రెండోవారికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అమ్మాయి మ్యూచువలిజమ్ అని గుర్తు పెట్టింది. అంటే ఇద్దరికీ లాభం.

"మరి ఆ చేప వేరే చేపల్ని తరమడం నేను చూసిన సార్. పువ్వును తినడానికి వచ్చిన చేపను కొరికి పంపింది. అది పువ్వుకు లాభం కాదా?" అని అడిగింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు నేను ఇట్లాంటివి అడుగుతలేను సార్, పుస్తకంలో ఉన్నదే బట్టీ పడుతున్న" అన్నది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ చివరి మాట నన్ను వదలలేదు. ఇంటికి వెళ్ళాక మా మనవడి సాయంతో నాలుగైదు నెలల పాటు దొరికినంత చదివాను. ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబును ఇక్కడ అందరి కోసం రాస్తున్నాను.

ముందు చేపను పరిచయం చేసుకుందాం

మనం మాణిక్‌గఢ్ కొండల మీద ఉన్నవాళ్ళం. ఏ వైపు వెళ్ళినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మనకు తెలిసిన చేపలు చెరువుల్లోవి, వాగుల్లోవి. క్లౌన్ చేప ఉప్పునీటి చేప. హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్ మహాసముద్రంలోనూ మాత్రమే ఉంటుంది. అట్లాంటిక్‌లో లేదు. దీనిలో సుమారు 30 జాతులున్నాయి. నారింజ రంగు మీద తెల్లని పట్టీలతో సర్కస్ జోకరులాగా కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' అనే కార్టూన్ సినిమాతో ఈ చేప ప్రపంచంలోని పిల్లలందరికీ తెలిసిపోయింది.

మన దేశంలో ఇవి ఎక్కడున్నాయి? అండమాన్ దీవుల పగడపు దిబ్బల దగ్గర సినిమాలో చూపిన జాతే, యాంఫిప్రియాన్ ఒసెల్లారిస్, ఉన్నది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అందులో చేపల వేట మీద బతికేవారూ ఉన్నారు. ఇక ప్రధాన భూభాగానికి దగ్గరగా, తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో మరొక జాతి ఉన్నది. దాని పేరు యాంఫిప్రియాన్ సెబే. 1853లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త దీనిని వర్ణించాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మందుల వ్యాపారం చేస్తూ జీవుల నమూనాలు సేకరించిన ఆల్బర్టస్ సెబా పేరు దీనికి పెట్టారు. ముదురు గోధుమ రంగు లేదా నలుపు ఒళ్ళు, రెండు తెల్ల పట్టీలు, పసుపు తోక. జానెడు కంటే కొద్దిగా చిన్నది.

సముద్రపు పువ్వు పువ్వు కాదు

సీ అనిమోన్‌ను మనం సముద్రపు పువ్వు అంటున్నాం గానీ అది మొక్క కాదు, జంతువు. జెల్లీ ఫిష్‌కూ పగడానికీ దగ్గరి చుట్టం. రాయికో ఇసుకకో అతుక్కుని ఉంటుంది. పైన నోరు, దాని చుట్టూ వేళ్ళలాంటి తంతువులు. ఆ తంతువుల నిండా దంశకణాలుంటాయి. ఒక్కొక్క దంశకణంలో స్ప్రింగులా చుట్టి పెట్టిన విషపు దారం ఒకటి ఉంటుంది. చిన్న చేపో రొయ్యో తగిలితే ఆ దారం విసురుగా బయటికి వచ్చి గుచ్చుకుంటుంది. చచ్చుబడిన జీవిని తంతువులు నోట్లోకి చేరుస్తాయి.

ప్రపంచంలో వెయ్యికి పైగా అనిమోన్ జాతులుండగా, క్లౌన్ చేపలు కాపురం పెట్టేది 10 జాతుల్లో మాత్రమే. మన సెబే చేపకు ఇష్టమైనది హాడన్ తివాచీ అనిమోన్. ఇసుక మీద తివాచీ పరిచినట్టు అర మీటరు వెడల్పున ఉంటుంది.

ఈ చేపా ఈ జంతువూ కలిసి ఉండే సంగతిని చైనా సముద్రంలో చూసి 1868లో మొదట రాసినవాడు కట్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు. చేపను తినే జంతువు ఒడిలో చేప హాయిగా ఉండడం అతనికి వింతగా తోచింది. దాన్ని అతను దాదాపు పరాన్నజీవి అన్నట్టు వర్ణించాడు. అంటే మొదటి లెక్క ప్రకారం చేప అప్పు ఎగ్గొట్టే ఖాతాదారు!

చేపకు విషం ఎందుకు ఎక్కదు?

ఇది వందేళ్ళకు పైగా శాస్త్రవేత్తలను వేధించిన ప్రశ్న. చేప ఒంటి మీద ఉండే జిగురు పొరలోనే కిటుకు ఉందని చాలాకాలంగా అనుకున్నారు. ఆ జిగురులో ఏముందో 2025లో ప్రచురించిన ఒక పరిశోధన కొంత తేల్చింది. మామూలు చేపల జిగురులో సయాలిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అనిమోన్ దంశకణాలు పేలడానికి అది మీట నొక్కినట్టు పనిచేస్తుంది. పెరిగిన క్లౌన్ చేపల జిగురులో ఆ పదార్థం చాలా తక్కువ. గుడ్డులోంచి వచ్చిన పిల్లల్లో అది మామూలుగానే ఉంటుంది. అప్పుడు అనిమోన్ దగ్గరికి పోతే వాటినీ కుడుతుంది. ఒంటి మీద తెల్ల పట్టీలు వచ్చే వయసుకు ఆ పదార్థం తగ్గిపోతుంది. అప్పుడే అవి అనిమోన్‌లో చేరతాయి.

అయినా కొత్త చేప ఒక్కసారిగా లోపలికి దూకదు. ముందు తోక తగిలిస్తుంది, వెనక్కి వస్తుంది, పొట్ట రాస్తుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా ఇట్లా సాగుతుంది. కొత్త కోడలు అత్తవారింట్లో మెల్లగా అలవాటు పడినట్టు.

ఖాతా పుస్తకం: చేప వైపు

బ్యాంకులో ఏ ఖాతాకైనా రెండు వైపులుంటాయి. ఒకరి జమ మరొకరి ఖర్చు. ఒక వైపు మాత్రమే రాసి ఖాతా మూసేస్తే సాయంత్రానికి లెక్క కుదరదు. ఈ ఇద్దరి ఖాతా కూడా అట్లాగే చూద్దాం.

చేప వైపు లెక్క తేలిక. క్లౌన్ చేప చిన్నది, వేగంగా ఈదలేదు. బయట పడితే పెద్ద చేపల నోటికి చిక్కుతుంది. అనిమోన్ విషపు కంచె దానికి కోట గోడ. గుడ్లు కూడా అనిమోన్ పాదం పక్కనున్న రాతి మీదే పెడుతుంది. అక్కడికి దొంగలు రాలేరు. అద్దాల తొట్టిలో అయితే అనిమోన్ లేకుండానే బతుకుతుంది గానీ, సముద్రంలో అనిమోన్ లేని క్లౌన్ చేపకు బతుకు లేదు. అనిమోన్ మాత్రం చేప లేకుండా కూడా కనిపిస్తుంది. కాబట్టి అవసరం ఇద్దరికీ ఒకే పాళ్ళలో లేదన్నది నిజం. పుస్తకంలోని జవాబుకు ఆధారం ఇక్కడే ఉంది.

ఖాతా పుస్తకం: అనిమోన్ వైపు

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన వైపుకు వద్దాం. అనిమోన్ ఖాతాలో నిజంగా ఏమీ జమ కాలేదా? ఇక్కడ శాస్త్రవేత్తలు పట్టుకున్న పద్దులు ఒక్కొక్కటే చెబుతాను.

మొదటి పద్దు, కాపలా. సీతాకోక చేపలు అనే రకం చేపలు అనిమోన్ తంతువులను కొరికి తింటాయి. క్లౌన్ చేపలు వాటిని తరిమేస్తాయి. 1992లో జాన్ గాడ్విన్, డాఫ్నీ ఫాటిన్ అనే శాస్త్రవేత్తలు ఈ కాపలా గురించి రాశారు. క్లౌన్ చేపలను తీసేస్తే అనిమోన్‌లు సీతాకోక చేపలకు ఆహారమైపోయాయి. మన అమ్మాయి టీవీలో చూసింది ఇదే. ఆమె కళ్ళు ఆమెను మోసం చేయలేదు.

రెండో పద్దు, ఎరువు. అనిమోన్ ఒంటి లోపల కంటికి కనబడని నాచు కణాలు నివసిస్తాయి. అవి ఎండ సాయంతో ఆహారం తయారుచేసి అనిమోన్‌కు పెడతాయి. ఆ నాచుకు నత్రజని కావాలి. చేప విసర్జించే అమ్మోనియాలో అది ఉంటుంది. మనం చేనుకు పెంట వేసినట్టు, చేప తన ఇంటికి తానే ఎరువు వేస్తున్నది.

మూడో పద్దు, గాలి. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నాచు ఆక్సిజన్ తయారుచేయదు. పగడపు దిబ్బల సందుల్లో నీరు కదలకపోతే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ సమయంలో చేప నిద్రపోకుండా తంతువుల మధ్య అటూ ఇటూ మెసలుతూ, రెక్కలు ఆడిస్తూ నీటిని కదుపుతుంది. 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో చేపనూ అనిమోన్‌నూ విడివిడిగా ఉంచి, ఆ తర్వాత కలిపి ఉంచి రాత్రిపూట అవి వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచారు. విడివిడి లెక్కల మొత్తం కంటే కలిసి ఉన్నప్పుడు సుమారు 1.4 రెట్లు ఎక్కువ వాడుకున్నాయి. అంటే చేప రాత్రంతా విసనకర్ర పట్టుకుని కూర్చున్నట్టే.

నాలుగో పద్దు, అన్నం. జపాన్ తీరంలో ఒసాకా మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం వారు మరొక జాతి క్లౌన్ చేపకు రకరకాల ఆహారం ఇచ్చి చూశారు. మింగగలిగిన చిన్న ముక్కలు చేప తానే తిన్నది. మింగలేని పెద్ద ముక్కలను మోసుకెళ్ళి అనిమోన్‌కు అందించింది. ఆహారం అందుకున్న అనిమోన్‌లు బాగా పెరిగాయి.

ఇప్పుడు మొత్తం నిల్వ చూద్దాం. పసిఫిక్‌లోని మూరియా దీవి దగ్గర సాలీ హోల్‌బ్రూక్, రస్సెల్ ష్మిట్ అనే ఇద్దరు, చేపలున్న అనిమోన్‌లనూ లేని అనిమోన్‌లనూ పోల్చి చూసి 2005లో ఫలితం ప్రకటించారు. చేపలున్నవి త్వరగా పెరిగాయి, విడిపోయి ఒకటి రెండుగా ఎక్కువగా అయ్యాయి, ఎక్కువగా బతికాయి. అంటే అనిమోన్ ఖాతాలో జమ లేదనడం కుదరదు.

మరి పుస్తకం తప్పా? ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం అనిమోన్‌కు లాభం లేదని తేల్చి చెప్పదు, లాభం ఉన్నట్టు కనిపించదు అనే అర్థం వచ్చేలా రాసింది. బ్యాంకు భాషలో చెప్పాలంటే, నిల్వ సున్నా అనడం వేరు, ఇంతవరకు పద్దు కనబడలేదు అనడం వేరు. తరువాత పద్దులు దొరికాయి. సహభోజకత్వం అనే మాటను పిల్లలకు అర్థం చేయించడానికి పుస్తకం ఒక ఉదాహరణ తీసుకుంది. ఆ ఉదాహరణ అనుకున్నంత సులువైనది కాదని ఇప్పుడు తెలుస్తున్నది.

చేప ఇంట్లో సీనియారిటీ లిస్టు

ఈ చేప కుటుంబం సంగతి చదివినప్పుడు నాకు మా పాత ఆఫీసు గుర్తొచ్చింది. ఒక అనిమోన్‌లో ఒకే కుటుంబం. అందులో అన్నిటికంటే పెద్దది ఆడ చేప. అదే ఇంటి యజమాని. రెండోది మగ చేప, దాని జత. ఆ తరువాత వరుసగా చిన్నవి, ఇంకా పెళ్ళీ పేరంటం లేనివి.

ఆడ చేప చనిపోతే ఏమవుతుంది? బయటి నుంచి మరొక ఆడ చేప రాదు. ఉన్న మగ చేపే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆడ చేపగా మారిపోతుంది! లిస్టులో మూడోది ఎదిగి మగ చేప అవుతుంది. మిగతావి ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. ఒకసారి ఆడగా మారితే మళ్ళీ మగ కాదు. జర్మనీకి చెందిన హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే ఈ సంగతిని 1977లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

కింది చేపలు పై చేపలను మించి పెరగవు. 2003లో పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పాపువా న్యూగినీలో చేపలను కొలిచి చూస్తే, ఒక్కొక్క చేప తన పై చేప పొడవులో సుమారు 80 శాతం దగ్గర ఆగి ఉన్నది. తిండి లేక కాదు. ఎక్కువ పెరిగితే పై చేపకు పోటీ అవుతుంది, తరిమేస్తుంది. బయటికి పోతే చావు. అందుకే తన పెరుగుదలను తానే అదుపులో పెట్టుకుని ఖాళీ కోసం ఎదురుచూస్తుంది. ప్రమోషన్ కోసం ఏళ్ళ తరబడి చూసిన మా తరం గుమాస్తాలకు ఇది వివరించనక్కరలేదు. ఈ చిన్న చేపలు 30 సంవత్సరాల దాకా బతకగలవని అంచనా. కాబట్టి ఎదురుచూపు కూడా పెద్దదే.

సినిమాలో తల్లి చనిపోయాక తండ్రి చేప కొడుకును వెతుక్కుంటూ సముద్రమంతా తిరుగుతుంది. నిజానికి అయితే ఆ తండ్రి తల్లిగా మారిపోవాలి! ఇంకొక సంగతి, అనిమోన్‌లో పెద్ద జంటతో ఉండే చిన్న చేపలు సాధారణంగా వాటి సొంత పిల్లలు కావు. గుడ్లు పొదిగాక పిల్లలు రాత్రిపూట నీటి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. సుమారు 10 రోజులు తేలుతూ పెరిగి, ఎక్కడో ఒక అనిమోన్ దగ్గరికి చేరతాయి. అయినా పుట్టిన చోటును పూర్తిగా మరిచిపోవు. పాపువా న్యూగినీలోని కింబే అఖాతంలో 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఒక దీవి దగ్గర స్థిరపడిన పిల్లల్లో సుమారు 60 శాతం ఆ దీవిలోనే పుట్టినవని తేలింది.

సినిమా ఒక విషయం మాత్రం సరిగ్గా చూపింది. తండ్రి శ్రద్ధ. ఆడ చేప వందల గుడ్లు పెట్టి వెళుతుంది. వాటిని కాపాడే బాధ్యత ఎక్కువగా మగ చేపదే. వారం పైచిలుకు రోజులు రెక్కలతో విసురుతూ గాలి అందిస్తుంది, నోటితో శుభ్రం చేస్తుంది, పాడైన గుడ్లను తీసేస్తుంది. మన చెరువుల్లోని కొర్రమీను సంగతి మీకు తెలుసు. ఎర్రని పిల్లల గుంపును వెంటబెట్టుకుని తిరుగుతూ దగ్గరికి వచ్చినదాని మీద పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దానినే. ఉప్పునీటిలోనైనా మంచినీటిలోనైనా బిడ్డల కోసం కాపలా కాసే తండ్రులు ఉన్నారన్నమాట.

ఎండ దెబ్బ ఇద్దరికీ

ఇద్దరి ఖాతాలు కలిసి ఉన్నాయని చెప్పడానికి ఇంకొక గట్టి సాక్ష్యం ఉంది. సముద్రం బాగా వేడెక్కితే అనిమోన్ తన లోపలి నాచును కోల్పోయి తెల్లబడుతుంది. 2016లో మూరియా దగ్గర అట్లా జరిగింది. తెల్లబడిన అనిమోన్‌లలోని చేపల్లో గుడ్లు పెట్టడం 73 శాతం తగ్గిందని 2017లో ప్రకటించారు. అనిమోన్ జబ్బు పడితే చేపకు సంతానం లేదు.

2023లో కింబే అఖాతంలో వేడి పెరిగినప్పుడు 134 క్లౌన్ చేపలను నెలనెలా కొలిచారు. చాలా చేపల పొడవు నిజంగానే తగ్గింది. సన్నబడడం కాదు, ఎముకల చేపే పొట్టిదైంది! అట్లా తగ్గినవి, అందులోనూ జతతో కలిసి తగ్గినవి, ఎక్కువగా బతికాయి. కరువు సంవత్సరంలో ఇంటి ఖర్చు ఇద్దరూ కలిసి తగ్గించుకున్నట్టు. ఈ పరిశోధన 2025లో వచ్చింది.

ఇది కూడా ఒక చదువే

తల్లిదండ్రులకు ఒక మాట. పన్నెండో తరగతి సైన్సు అంటే డాక్టరు సీటు ఒక్కటే అనుకుంటున్నాం. నీట్‌లో సీటు రాని పిల్లలు ఇంట్లో తలదించుకుని కూర్చోవడం నేను ఇంటర్వ్యూల్లో ఏటా చూస్తున్నాను. చేపల చదువు కూడా పెద్ద చదువే. నాగపూర్‌లోని మహారాష్ట్ర పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద నాగపూర్‌లోనే మత్స్య కళాశాల ఉంది, అక్కడ నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎస్‌సి. చదవవచ్చు. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాలలున్నాయి. పై చదువులకు ముంబయిలో 1961లో స్థాపించిన కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ ఉంది. ప్రవేశ నియమాలు ఏటా మారవచ్చు, కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటన చూసుకుని దరఖాస్తు చేయాలి.

క్లౌన్ చేపతో ఉపాధి కూడా ఉంది. అద్దాల తొట్ల వ్యాపారం కోసం వీటిని సముద్రం నుంచి పట్టుకుపోతే దిబ్బలు ఖాళీ అవుతాయి. అందుకని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి తయారుచేశారు. మన్నార్ తీరంలోని మండపంలో వారి కేంద్రం ఉంది. విశాఖపట్నంలోనూ ఉంది. మన మహారాష్ట్రలో ముంబయి పక్కన ఐరోలిలో మాంగ్రూవ్ ఫౌండేషన్ వారు ఇటువంటి హేచరీ పెట్టారు. తొట్టిలో పుట్టిన చేప ఒకటి అమ్ముడైతే సముద్రంలో ఒక చేప మిగిలినట్టే.

మరి పరీక్షలో ఏం రాయాలి?

ఆ అమ్మాయికీ, ఆమె లాంటి పిల్లలందరికీ నా సలహా ఇది. నీట్‌లో ఈ ప్రశ్న వస్తే, నిర్దేశించిన పుస్తకం ప్రకారం సహభోజకత్వం అనే గుర్తు పెట్టండి. ఆ పరీక్ష పుస్తకం మీద జరుగుతుంది. అందులో 5 మార్కులు పోగొట్టుకోవడం మీ ఇంటికి మంచిది కాదు. మీ నాన్న చెప్పింది ఆ మేరకు సరైనదే.

కానీ నోటు పుస్తకంలో దాని పక్కన ఇంకొక గీత గీసి, కాపలా, ఎరువు, గాలి, అన్నం అని నాలుగు పద్దులు రాసి పెట్టుకోండి. పరీక్ష మూడు గంటలది. ఆ తరువాత మీరు చదివే చదువులో, చేసే ఉద్యోగంలో ఆ రెండో వైపు అవసరం పడుతుంది. గాడ్విన్, ఫాటిన్, హోల్‌బ్రూక్, ష్మిట్ చేసింది కూడా అదే. అందరూ సున్నా అనుకున్న చోట వాళ్ళు వెతికి చూశారు.

తల్లిదండ్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్ల ప్రశ్న వల్ల మార్కులు పోతే మార్కుల సంగతి చెప్పండి, ప్రశ్నను మాత్రం తిట్టకండి. మా బ్యాంకులో సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చినా మేము ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు, రాత్రయినా వెతికేవాళ్ళం. రూపాయి విలువ కోసం కాదు. ఎక్కడో ఒక పద్దు రాయకుండా మిగిలిపోయిందని. మీ అమ్మాయి ఆ పద్దునే వెతికింది.

ఈ సంచిక ఒక ప్రతిని ఆ అమ్మాయి ఇంటికి ప్రత్యేకంగా పంపిస్తున్నాను. అమ్మా, ఆ రోజు నీకు జవాబు చెప్పలేకపోయాను. నువ్వు చూసింది నిజమే. పరీక్ష బాగా రాయి. వచ్చేసారి ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు నాకు తెలియని ఇంకొక ప్రశ్న తీసుకుని రా.

విద్యార్థులందరికీ శుభాశీస్సులతో.